వాకిలి తెఱచిన చాలునా? — గణిత పరిశోధనమున అందఱకు తావు

అమెరికా సంయుక్త రాష్ట్రముల అత్యున్నత న్యాయస్థానము 2023వ సంవత్సరము జూను 29వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయ వ్యాజ్యమున నొక ముఖ్యమైన తీర్పు నొసగెను. విద్యార్థులను చేర్చుకొనునపుడు విశ్వవిద్యాలయములు వారి జాతిని గణనకు దీసికొనరాదనుట ఆ తీర్పు సారాంశము. అంతకు పూర్వమే యచట వినవచ్చుచుండిన యొక వాదమునకు ఈ తీర్పుతో బలము చేకూరినది. “వాకిలి అందఱకును తెఱచియే యున్నది. శక్తి గలవారు లోనికి వత్తురు, లేనివారు వెలుపల నుందురు. అంతకు మించి విద్యాలయములు చేయవలసిన దేమున్నది?” అనునదియే ఆ వాదము. 2025లో సమాఖ్య ప్రభుత్వము ఈ త్రోవనే నడచి, వెనుకబడిన వర్గములవారిని ఉన్నత విద్యకు చేర్చుటకై యేర్పడిన పెక్కు పథకములకు ద్రవ్యసహాయమును నిలిపివేసినది.

ఈ వాదము సత్యమా, కాదా యని పరీక్షింపగోరువారికి గణితశాస్త్రమును మించిన రంగము లేదు. గణితమునకు ఖరీదైన పరికరములు వలదు. ఉపపత్తి సరియైనదైనచో దానిని వ్రాసినవారు స్త్రీయా పురుషుడా, నల్లవాడా తెల్లవాడా యని యడుగువారుండరు. సిద్ధాంతమునకు కులము లేదు, మతము లేదు. కావున పక్షపాతమునకు ఎచట చోటు లేకున్నను గణిత శాఖలో మాత్రము లేకుండవలెను. కాని అమెరికా విశ్వవిద్యాలయములలో గణిత పరిశోధకుల చరిత్రను చూచినచో కథ వేఱుగా నున్నది. ఆ కథలో మన విశ్వవిద్యాలయములు నేర్చుకొనదగిన పాఠములును కొన్ని కలవు.

పూర్వ వృత్తాంతము

అమెరికాలో పరిశోధనకు ప్రాధాన్యమిచ్చి వెలసిన తొలి విశ్వవిద్యాలయము జాన్స్ హాప్కిన్సు. అది 1876లో నెలకొన్నది. అచట గణితాచార్యుడైన సిల్వెస్టరు పట్టుబట్టుటచే 1878లో క్రిస్టీన్ లాడ్ అను నామెకు ప్రత్యేకానుమతిపై చదువుకొను నవకాశము కలిగెను. ఆమె 1882 నాటికి డాక్టరేటునకు వలసిన సమస్తమును పూర్తి చేసెను. ఐనను స్త్రీ యగుటచే పట్టము నిరాకరింపబడెను. విశ్వవిద్యాలయపు స్వర్ణోత్సవ సమయమున 1926లో, ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు వచ్చిన పిదప, ఆ పట్టమును చేతికిచ్చిరి. 44 సంవత్సరములు ఆలస్యముగా జరిగిన న్యాయమును న్యాయమనవచ్చునో లేదో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఆ విశ్వవిద్యాలయముననే 1887లో కెల్లీ మిల్లరు అను నల్లజాతి యువకుడు గణిత పరిశోధనకై చేరెను. ఈతనిని వెళ్లుమని యెవరును చెప్పలేదు. 1889లో జీతపు రుసుము పెంచిరి. పేదవాడగుట నాతడు చెల్లింపజాలక చదువు మానివేసెను. వాకిలి మూయక యే మనుష్యుని వెలుపలికి పంపుట యెట్లో ఈ యుదాహరణము తేటపఱచుచున్నది. గణితమున డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతివాడు ఎల్బర్టు కాక్సు; ఆతనికి కార్నెల్ విశ్వవిద్యాలయము 1925లో ఆ పట్టము నొసగెను. నల్లజాతి స్త్రీలలో మొదటిది యూఫీమియా హేన్సు. ఆమెకు 1943 వఱకు రాలేదు.

ఇక డేవిడ్ బ్లాక్‌వెల్ చరిత్ర మనకు కొంత దగ్గఱిది. ఈతడు ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1941లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, డాక్టరేటు పొందెను. మఱుసటి యేట బర్క్‌లీలో ఆతని నియామకమును గుఱించి ప్రస్తావన వచ్చి, వర్ణవివక్ష కారణముగా నిలిచిపోయెను. పదేండ్లకు పైగా ఆతడు నల్లజాతివారి విద్యాలయములలోనే పనిచేసి, 1954లో గాని బర్క్‌లీ చేరజాలకపోయెను. గణాంకశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు ‘రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతము’ నెఱుగును. అందలి రావు మన తెలుగువాడు, వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు. ఆతడు 1945లో కలకత్తా నుండి ప్రకటించిన విషయమునే బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రముగా కనుగొనెను. ఒకడు పరపాలితమైన దేశమున పుట్టినవాడు, వేఱొకడు తన దేశముననే పరాయివాడుగా చూడబడినవాడు. ఇరువురి బుద్ధియు ఒక్క సత్యమునే చేరినది. ప్రతిభ ఏ వర్ణమునకును కాపుర ముండదని చెప్పుటకు ఇంతకంటె నేమి కావలెను?

కాఫీ హోటలు బల్ల

పై యుదాహరణములన్నియు గడచిన కాలపువి, నేడు చట్టములు మాఱినవి కదా యని కొందఱనవచ్చును. చట్టము మాఱిన తరువాత నేమి జరిగినదో వివియన్ మలోన్-మేయిస్ చరిత్ర చెప్పును. టెక్సాసు రాష్ట్రమందలి బేలర్ విశ్వవిద్యాలయము 1961లో ఆమె నల్లజాతిదగుటచే ప్రవేశము నిరాకరించెను. ఆమె అదే రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయమునకు పోయెను. అది న్యాయస్థానపు టుత్తర్వులచే నల్లవారికి ద్వారము తెఱచిన సంస్థ. కాని లోపల నేమున్నది? తరగతిలో ఆమె యొక్కతియే నల్లజాతిది, ఆమె యొక్కతియే స్త్రీ. సహాధ్యాయులు పలుకరింపరు. ఇతర పరిశోధకులకు సామాన్యముగా లభించు బోధనోద్యోగము ఆమెకు లేదు. ఆ శాఖలో ప్రసిద్ధుడైన ఆర్. ఎల్. మూర్ అను నాచార్యుడు నల్లవారిని తన తరగతిలోనికి రానీయడు. అన్నిటికంటె నష్టకరమైన విషయ మింకొకటి. ఆమె గురువును తోటి విద్యార్థులును దాపుననున్న కాఫీ హోటలులో చేరి గణిత చర్చలు సాగించుచుండిరి. ఆ హోటలువారు నల్లవారికి కాఫీ పోయరు. కావున ఆమె ఆ చర్చలకు దూరమయ్యెను.

ఆమె యీ కష్టములన్నిటిని దాటి 1966లో డాక్టరేటు సాధించెను. ఐదేండ్లకు ముందు ఆమెను విద్యార్థినిగా నిరాకరించిన బేలర్ విశ్వవిద్యాలయమే ఆ సంవత్సరమున ఆమెను ఉపాధ్యాయినిగా నియమించుకొన్నది. ఇది యామె ధైర్యమునకు నిదర్శనము. ఆ విద్యాలయముల ఔదార్యమునకు కాదు. ఆమెవలె ఓర్వజాలక మధ్యలో తిరిగిపోయినవా రెందఱో, వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

ఆ కాఫీ హోటలు బల్ల ముచ్చట చిన్నదిగా కనబడును గాని, గణిత పరిశోధనము ఎట్లు నేర్వబడునో ఎఱిగినవారికి దాని భారము తెలియును. డాక్టరేటు కొఱకు చేరిన విద్యార్థి మొదటి రెండేండ్లలో బీజగణితము, విశ్లేషణము మొదలగు వానిలో అర్హత పరీక్షలు గడుపవలెను. పిమ్మట నొక ఆచార్యుడు తనను శిష్యునిగా నంగీకరింపవలెను. తరువాత మూడు నాలుగేండ్లు ఒక్క సమస్యతో పెనుగులాడవలెను. ఈ మూడు మెట్లలో నేదియు పుస్తకము మాత్రము చదివి యెక్కదగినది కాదు. ఏ ప్రశ్న అడుగవలెను, ఏ గ్రంథము విడువవలెను, ఏ పరీక్ష యెప్పుడు వ్రాయవలెను, ఏ గురువు ఏ స్వభావము గలవాడు, తప్పిన యుపపత్తిని మఱల నెట్లు సరిదిద్దవలెను అను విషయములు మాటల మధ్య, తోటివారి నడుమ, నల్లబల్ల యొద్ద తెలియును. ఆ మాటలలో చోటు లేనివాడు పేరునకు లోపల నున్నను వాస్తవముగా వెలుపలనే యున్నాడు. కావున ప్రవేశ మొకటి, అంతర్భావము వేఱొకటి. మొదటిది అధికారి సంతకముతో ముగియును. రెండవదానికి సంవత్సరముల శ్రద్ధ కావలెను.

కొన్ని శాఖలు చేసిన పని

ఈ భేదమును గ్రహించిన కొన్ని గణిత శాఖలు చేసిన కృషి శ్లాఘనీయము. బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అను యువకుడు 1970వ దశకమున, కలనగణితములో నల్లజాతి విద్యార్థు లేల తప్పుచున్నారో తెలిసికొనగోరెను. ప్రేరణ లేదనియు, పేదరికమనియు, పునాది చాలదనియు, ఇంటి యాదరణ లేదనియు పలువురు ఆచార్యులు ఊహించిరి. ఆతడు 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చీనాజాతి విద్యార్థులను దగ్గఱనుండి చూచెను. ఆ యూహ లేవియు నిలువలేదు. చీనావారు మొదట ఒంటరిగా లెక్కలు చేసి, పిదప గుంపుగా కూర్చుండి యొకరి తప్పు లొకరు దిద్దుకొనుచుండిరి. నల్లవారు శ్రద్ధగానే చదువుచుండిరి, కాని ఒంటరిగా. ఇంతే భేదము. అంతట ఆతడు సామాన్యముకంటె కఠినమైన సమస్యలనిచ్చి, విద్యార్థులు కలిసి పనిచేయు తరగతులను నెలకొల్పెను. అది వెనుకబడినవారికి దిద్దుబాటు బడి కాదు, గౌరవముగల విద్యార్థుల గోష్ఠి. ఫలితము తలక్రిందులయ్యెను. ఇది పట్టభద్రులు కానివారి విషయమైనను, పరిశోధక విద్యార్థులకును సరిగా వర్తించును.

అయోవా విశ్వవిద్యాలయపు గణిత శాఖ 1990వ దశకము నడుమ ఈ పనికి పూనుకొన్నది. పూనుకొన్నవారిలో ముఖ్యుడు ఫిలిప్ కుట్జ్కో. ఈతడు సంఖ్యా సిద్ధాంతమున 1980లో ‘స్థానిక లాంగ్‌లాండ్స్’ ఊహలోని మొదటి ముఖ్య భాగమును నిరూపించి కీర్తిగాంచినవాడు. శాస్త్రమున చేవ లేనివారే ఇట్టి పనులు నెత్తికెత్తుకొందురని వెక్కిరించువారికి ఈతని పేరు సమాధానము. దరఖాస్తులు వచ్చువఱకు కూర్చుండక, ఆ శాఖవారు నల్లజాతివారును హిస్పానిక్ జాతివారును చదువు కళాశాలలకు తామే పోయి, అచటి ఉపాధ్యాయులతో చెలిమి చేసిరి. చేరిన పిల్లవానిని గుఱించి ఆ కళాశాల గురువుతో మాటలాడుచు నుండిరి. ఈ యేర్పాటే పిదప దేశమందలి అనేక శాఖలను కలుపు ‘గణిత సమాఖ్య’గా పెరిగినది. అమెరికా గణిత సంఘము ఇట్టి కృషికై 2006లో ప్రప్రథమముగా సన్మానించిన సంస్థలలో అయోవా శాఖ యొకటి.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ గణిత శాఖలో 1980వ దశకమున డాక్టరేటు పొందిన స్త్రీల సంఖ్య ఇంచుమించు శూన్యము. శాఖవా రా లెక్కను చూచి సిగ్గుపడి, స్త్రీలు ఒక్కరొక్కరుగా గాక గుంపుగా నుండునట్లును, ప్రతి విద్యార్థినికిని అడిగి తెలిసికొను పెద్దదిక్కు ఉండునట్లును చూచిరి. 1998లో ఆ శాఖకు విద్యార్థి మార్గదర్శకత్వమునకై అధ్యక్ష పురస్కారము లభించినది. ఆ సంవత్సరముననే బ్రిన్ మార్ కళాశాలకు చెందిన రోండా హ్యూస్, స్పెల్మన్ కళాశాలకు చెందిన సిల్వియా బోజ్మన్ అను గణితాచార్యురాండ్రు ఇరువురును గూడి ‘ఎడ్జ్’ అను వేసవి శిక్షణము నారంభించిరి. పరిశోధనకు చేరనున్న యువతులు విశ్వవిద్యాలయములో అడుగిడుటకు ముందు నాలుగు వారములు కలిసి విశ్లేషణము, బీజగణితము చదువుదురు. పిదప ఆ చెలిమియు, పెద్దల తోడును వారిని చివఱిదాక వెన్నంటి యుండును. ఆ శిక్షణము పొందినవారిలో నేటికి నూరుమందికి పైగా డాక్టరేట్లయిరి.

మేరీలాండు విశ్వవిద్యాలయమున 2000వ సంవత్సరము డిసెంబరులో ముగ్గురు నల్లజాతి స్త్రీలు ఒక్క మాఱే గణితమున డాక్టరేటులు పొందిరి. ఆ శాఖకు 1990వ దశకమున అధ్యక్షుడుగా నుండినవాడు రేమండ్ జాన్సన్. తెల్లవారికి మాత్రమే చదువు చెప్పవలెనని వ్యవస్థాపకుడు శాసనపత్రమున వ్రాసిన రైస్ విశ్వవిద్యాలయమున, ఆ షరతు న్యాయస్థానమున తొలగిన తరువాత, 1969లో డాక్టరేటు పొందిన నల్లజాతివాడే యీతడు. తాను దాటిన ముండ్లబాట వెనుకవచ్చువారికి లేకుండ చేయవలెనని యాతడు తలచుటలో వింత యేమున్నది?

ప్రమాణములు దిగజాఱునా?

ఇచట నొక యాక్షేపణ తప్పక వచ్చును. అందఱను లోనికి దెచ్చుటకై చదువు ప్రమాణము తగ్గింపవలసి వచ్చును గదా యని. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ప్రమాణము తగ్గిన పట్టము దానిని పొందినవానికే మొదటి అపకారము. కాని పైన చెప్పిన శాఖలలో నేదియు అర్హత పరీక్షను తీసివేయలేదు, సులభపు టుపపత్తిని గొప్ప యుపపత్తిగా నంగీకరింపలేదు. ట్రైస్‌మన్ సమస్యలను కఠినతరము చేసెనే గాని సులభతరము చేయలేదు. వారు మార్చినది గమ్యమును కాదు, దారిని. చిన్న కళాశాల నుండి వచ్చిన విద్యార్థికి కొలతశాస్త్ర పునాది లేకున్నచో, ఆతనిని తొలి సంవత్సరముననే తప్పించి పంపుట ప్రమాణ రక్షణ కాదు. ఆతడు చదివిన కళాశాల పేదరికమును ఆతని బుద్ధిమాంద్యముగా లెక్కగట్టుట మాత్రమే.

ప్రమాణములను గుఱించి మన దేశమున 1913 నాటి యొక నిర్ణయమును తలచుకొనుట మేలు. శ్రీనివాస రామానుజన్ ఎఫ్. ఏ. పరీక్ష తప్పినవాడు. పట్టము లేనివానికి పరిశోధక వేతన మీయరాదని నియమము. ఐనను మద్రాసు విశ్వవిద్యాలయము ఆ యేట ఆతనికి నెలకు 75 రూపాయల వేతన మేర్పఱచెను. నియమమును సడలించుటచే గణితమునకు ప్రమాణము తగ్గెనా, పెరిగెనా? పరీక్షా ఫలితము ప్రతిభకు గుర్తులలో నొకటి, ప్రతిభయే కాదు.

మన సంగతి

ఈ చర్చ దూరదేశపు ముచ్చటగా భావింపరాదు. అమెరికాలో నేడు గణిత డాక్టరేటు పొందువారిలో ఇంచుమించు సగము మంది పరదేశీయులు. వారిలో మన బిడ్డలు కూడ గలరు. అచటి శాఖ వాతావరణము బాగుపడిన మేలు వారికిని చెందును. ఇంతకంటె ముఖ్యమైనది మన యింటి సంగతి.

2006వ సంవత్సరపు కేంద్ర విద్యాసంస్థల ప్రవేశ చట్టము షెడ్యూల్డు కులములకు నూటికి 15, షెడ్యూల్డు తెగలకు 7.5, ఇతర వెనుకబడిన తరగతులకు 27 వంతున స్థానముల నేర్పఱచెను. కాని ఆ చట్టమునకు అనుబంధముగా చేర్చిన మినహాయింపుల పట్టికలో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థ, చెన్నపురి గణితశాస్త్ర సంస్థ, ప్రయాగ హరిశ్చంద్ర పరిశోధన సంస్థ పేర్లు కనబడుచున్నవి. దేశమున గణిత పరిశోధనకు శిరస్సులవంటివి యివియే. ఉత్కృష్టతకును అందఱ ప్రవేశమునకును వైరమున్నదని శాసనకర్తలే తలచినట్లు ఆ పట్టిక తోపజేయుచున్నది. అయోవా, మేరీలాండు అనుభవ మందుకు విరుద్ధము.

చట్టము వర్తించు విశ్వవిద్యాలయములలో నైనను పని సగమే అయినది. ఆదిలాబాదు గూడెమునుండియో, శ్రీకాకుళపు పల్లెనుండియో తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థికి స్థానము దొరకును. పిదప ఉపన్యాస మాంగ్లమున, పుస్తక మాంగ్లమున, తోటివారి మాట యాంగ్లమున. పరిశోధక వేతనమునకు త్రోవచూపు జాతీయార్హత పరీక్షా పత్రము ఆంగ్లమునను హిందీలోను ముద్రింపబడును, తెలుగున ముద్రింపబడదు. హిందీ మాతృభాషగా గలవానికి దక్కిన సౌకర్యము తెలుగువానికేల దక్కరాదు? అర్థమైన లెక్కను ఆంగ్లమున అడుగజాలక నోరు మూసికొనిన విద్యార్థిని, లెక్క రానివాడని గురువు తలచును. మలోన్-మేయిస్‌కు కాఫీ హోటలు బల్ల యెట్టిదో, మన పిల్లవానికి ఈ భాష యట్టిది.

మన దేశముననే మార్గము చూపిన కృషి లేకపోలేదు. ఎస్. కుమరేశన్ 1993లో జాతీయోన్నత గణిత మండలి ద్రవ్యసహాయముతో నారంభించిన వేసవి గణిత శిక్షణము చిన్న కళాశాలల విద్యార్థులకు నెలదినములు గొప్ప గురువుల సాంగత్యమును కల్పించుచు వచ్చినది. అందు ఉపన్యాసముకంటె ప్రశ్నకు, కంఠస్థముకంటె ఆలోచనకు ప్రాధాన్యము. ఆయన పిమ్మట హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసినవాడగుట మనకు సంతోషము. ఆ పద్ధతి వేసవితో ముగియక, విశ్వవిద్యాలయమున సంవత్సరము పొడవున నడువవలెను.

మన విశ్వవిద్యాలయముల గణిత శాఖలు చేయదగిన పనులు కష్టసాధ్యములు కావు. ఏ వర్గమువా రెందఱు చేరిరి, ఎందఱు ముగించిరి, ఎందఱు నడుమ విడిచిరి యను లెక్కను ఏటేట ప్రకటింపవలెను. నెబ్రాస్కావారికి కనువిప్పు కలిగించినది అట్టి లెక్కయే. చేరినవారికి మొదటి నెలలలోనే, వేతనముతో, పునాది పాఠములు చెప్పింపవలెను. అందు తెలుగున అడుగుటకు, తెలుగున వివరించుటకు సంకోచ ముండరాదు. కఠిన సమస్యలపై కలిసి పనిచేయు గోష్ఠులను వారమున కొకసారియైనను నడుపవలెను. పునాది తక్కువైనవానికి అర్హత పరీక్ష కొఱకు గడువును, రెండవ యవకాశమును ఈయవలెను. మార్గదర్శియైన ఆచార్యునితో పొసగనిచో తన మొఱ చెప్పుకొనుటకు ప్రతి విద్యార్థికిని ఇంకొక పెద్ద ఉండవలెను. వేతనము నెలనెలా తప్పక చేతికందవలెను. కెల్లీ మిల్లరును 1889లో ఇంటికి పంపినది ద్వేషము కాదు, రుసుము. జాతీయార్హత పరీక్షను తెలుగునను నడుపవలెనని రెండు రాష్ట్ర ప్రభుత్వములును కేంద్రమును గట్టిగా కోరవలెను.

వీనిలో నేదియు గొప్ప ధనవ్యయముతో కూడినది కాదు. కావలసిన దల్లా శాఖాధ్యక్షులు, ఆచార్యులు తమ తరగతి వెనుక వరుసను ఒకసారి చూచుట. అచట మౌనముగా కూర్చుండినవా డెవడో, ఏ యూరివాడో, ఎందుకు మాటలాడుట లేదో తెలిసికొనుట. రాబోవు విద్యాసంవత్సరపు ప్రవేశములు ముగియకముందే మన విశ్వవిద్యాలయాధికారులు ఈ విషయమును తమ పాలకమండలులలో చర్చించి, ఒక నిర్ణయమునకు వత్తురని ఆశించుచున్నాము.